గోల్‌కీపరు మీద కొసరు

మా రత్తయ్యగారికి పటమటలో ఉల్లిపాయల కొట్టు ఉంది, ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. రెండింటికీ ఆయనది ఒకటే పద్ధతి. బేరమాడాలి, బేరం కుదిరాక కొసరు అడగాలి. ఆ నోటిదురుసు వల్లే ముగ్గురు గోల్‌కీపర్లు మాటల మధ్యలో లేచి వెళ్లిపోయారు. జట్టు కార్యదర్శిని కదా, చీవాట్లు తినేది నేను! ఆదివారంలోపు గోల్‌కీపరు దొరక్కపోతే లీగులోంచి తీసేస్తామని కబురొచ్చింది. చేతులారా పెంచుకున్న జట్టు. నాకు అన్నం సయించలేదు.

గన్నవరంలో ఆరోన్ అనే కుర్రాడున్నాడని తెలిసి ఇద్దరం వెళ్లాం. "మీకు దణ్ణం పెడతాను, అక్కడ నోరు మెదపకండి" అని దారంతా బతిమాలాను.

ఆరోన్ సిగ్గుపడుతూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మాట్లాడింది వాళ్లమ్మ సంపూర్ణమ్మగారు. ఎన్నో ఏళ్లుగా చర్చిలో సండేస్కూల్ టీచరు.

"నెలకి ఇరవై వేలండీ. ఆదివారమైతే ఆరాధన అయ్యాకే ఆట."

రత్తయ్యగారు నోరు తెరిచారు. నేను ఆయన కాలు తొక్కి, "అలాగేనండీ" అనేశాను. కాఫీలొచ్చాయి. హమ్మయ్య అనుకుని కాలు తీశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"మరి కొసరేమిస్తారమ్మా?" అన్నారు రత్తయ్యగారు.

"మా వాడేమన్నా ఉల్లిపాయనుకున్నారా?" సంపూర్ణమ్మగారు గ్లాసు ఠక్కున కింద పెట్టారు. కొంప మునిగిందిరా దేవుడా అనుకున్నాను. ఆవిడ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశారు. "సరే, నేనొస్తాను. ప్రతి మ్యాచికీ."

ఊరికే వచ్చేదేదైనా రత్తయ్యగారికి లాభమే. సంబరంగా సంతకం పెట్టేశారు.

ఆదివారం సాయంత్రం హనుమాన్ జంక్షన్ జట్టుతో ఆట. ఆరోన్ బంగారంలాంటి పిల్లాడే గానీ, బంతి మీదికొస్తే మర్యాదగా పక్కకి తప్పుకుంటాడు. చూస్తుండగానే రెండు గోల్సు పడ్డాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో వాళ్ల జట్టులోని జాన్ పాల్ అనే కుర్రాడు బంతితో ఒక్కడే దూసుకొచ్చాడు.

"ఒరేయ్ జాన్ పాల్! పొద్దున చర్చికి రాలేదేంరా?" గోల్ పక్కనుంచి సంపూర్ణమ్మగారు కేకేశారు.

జాన్ పాల్ ఉన్నచోటే ఆగి చేతులు కట్టుకున్నాడు. "జ్వరమండీ, టీచర్."

"జ్వరమొచ్చినోడివి ఇక్కడ గంతులేంటి?"

వాడు నసుగుతూ ఉండగానే మావాళ్లు బంతి లాక్కుపోయి గోల్ కొట్టేశారు. ఆ చుట్టుపక్కల జట్లలో సగంమంది సండేస్కూల్లో ఆవిడకి బైబిలు వాక్యాలు అప్పజెప్పినవాళ్లే. మిగతా సగం ఊరికే హడలిపోయారు. ఆ ఏడు కప్పు మాదే!

మళ్లీ ఒప్పందాల రోజులొచ్చాయి. మళ్లీ గన్నవరం, మళ్లీ కాఫీలు.

"ఆరోన్‌కి పోయినేటి రేటే..." అని మొదలెట్టారు రత్తయ్యగారు.

"వాడి సంగతి తర్వాతండీ. ముందు నా సంగతి తేల్చండి. నెలకి నలభై వేలు."

ఈసారి నేను కాలు తొక్కే పని పడలేదు. "అలాగేనమ్మా" అన్నారాయన, జన్మలో మొదటిసారి బేరమాడకుండా. కాఫీ తాగారు, మూతి తుడుచుకున్నారు. కానీ ఆ నోరు ఊరుకుంటుందా?

"మరి కొసరు?"

సంపూర్ణమ్మగారు గుమ్మంవైపు చూపించారు.

"ఆరోన్‌ని తీసుకెళ్లండి."