చీటీలో రాయని చెయ్యి

ఆయమ్మ పాత నోటుపుస్తకం కాగితాలను చీటీలుగా కత్తిరిస్తోంది. బడి వరండా చివరి గదిలో ఇప్పుడు ఆరుగురు పిల్లలే. మాట రానివాళ్లు, చేతులు స్వాధీనంలో లేనివాళ్లు, కుదురుగా కూర్చోలేనివాళ్లు. ఇరవై రెండేళ్లుగా అలాంటి పిల్లలను ఎత్తి దించి ఆమె నడుం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆఖరి గంటకు ముందు ఒక్కొక్కరూ ఆ రోజు చేసిన మంచిపని ఒకటి తానే చీటీ మీద రాసి, పైకి చదివి, చప్పట్లు కొట్టించి, వాళ్ల బడిసంచికి పిన్నుతో గుచ్చడం ఆమె పెట్టిన అలవాటే. చేతకానివి చెప్పడానికి ఊరంతా ఉంది, మళ్లీ నేనెందుకు అనేది. ఆ చీటీ కోసం పిల్లలు జ్వరంతో కూడా బడికొచ్చేవారు.

ఈ రోజు ఏడో చీటీ కూడా కత్తిరించింది, పిట్ట కోసం.

పిట్టకు తొమ్మిదేళ్లు. సంతోషం వస్తే రెక్కల్లా చేతులాడిస్తుంది గనుక ఆ పేరు. రంగులు వేసేటప్పుడు తొడిగే పాత చొక్కాకు బొత్తాం పెట్టడం ఆయమ్మ దానికి ఏడాదిపాటు నేర్పింది. పిట్ట వేళ్ల కింద తన వేళ్లు పెట్టి బొత్తాన్ని కాజాలోకి నెట్టేది. 'ఈ రోజు పిట్ట బొత్తాం పెట్టింది' అని రాసేది. కింద తన చెయ్యి ఉందని ఏ చీటీలోనూ రాయలేదు. రాస్తే అది మంచి చీటీ ఎలా అవుతుంది?

తల్లి ఆ చీటీలన్నీ దాచి, పిల్లలను పరీక్షించడానికి వచ్చిన అధికారికి మురిసిపోతూ చూపించింది. అన్నీ వచ్చేశాయిగా, ఈ పిల్లకు ఇక ఈ గది అక్కర్లేదని ఆయన సంతకం పెట్టాడు. నలభైమంది ఉన్న మామూలు తరగతిలో పిట్ట నెల రోజులు బల్ల కిందే కూర్చుంది. నిన్న గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఇక బడికి తేవద్దు, తీసుకుపొమ్మని తల్లికి చెప్పారు పెద్దపంతులమ్మ. ఈ ఉదయం ఆయమ్మ ఆమె దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పి, పిట్టను మళ్లీ ఈ గదికే పంపమంది.

"అయితే ఇన్నాళ్లూ అబద్ధాలు రాశావా?" అన్నారామె. అధికారి సంతకం మాత్రం చెరగలేదు.

మిగతా పిల్లలు టీచరుతో ఆటస్థలంలో ఉండగా పిట్టను తీసుకుపోవడానికి తల్లి వచ్చింది. పిట్ట గదిలోకి దూరి, కొక్కేనికున్న చొక్కా లాక్కుని, ఒళ్లో పెట్టుకు కూర్చుంది. పెద్దవాళ్లిద్దరూ గుమ్మం బయట నిలబడ్డారు.

"చెయ్యి పట్టుకుంటేనే చేస్తుందని నాకైనా చెప్పాల్సింది ఆయమ్మా."

"చీటీ చూసి మీ మొహం వెలిగిపోయేదమ్మా. నోరు రాలేదు." ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు పనికెళ్తే ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరున్నారు! బయట గడియ పెట్టి పోవడమే."

పిట్ట చొక్కాను కుర్చీలో వదిలి వచ్చి, ఆయమ్మ ముందు సంచి చాపింది. ఆయమ్మకు ఏం రాయాలో తోచలేదు. బొత్తాం మాట రాయడానికి భయమేసింది. ఖాళీ చీటీనే గుచ్చి, ఒక్కతే చప్పట్లు కొట్టింది. పిట్ట చేతులాడిస్తూ తల్లి వెంట గేటు దాటింది. తల్లి వెనక్కి తిరగలేదు.

ఆయమ్మ చొక్కా మడత పెడదామని గదిలోకి వచ్చింది. పొద్దున తానే ఉతికి, బొత్తాలన్నీ విప్పి తగిలించిన చొక్కా. ఇప్పుడు దాని కింది బొత్తాం ఒక్కటి, పై కాజాలో వంకరగా దూరి ఉంది.