చిలకమ్మ వీధిలో పది పేర్లు

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపండి, టీ గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టండి. నిమ్‌పురా చిలకమ్మ ఓటర్ల లిస్టుతో పట్టిన పంతం వినాలంటే నోళ్లు కాస్త మూసుకోవాలి మరి.

చిలకమ్మ మొగుడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయాడు. ఆమెకు అక్షరం రాదు గానీ, రైల్వే కాగితం వాసన చూసి అది పాసో పెన్షనో చెప్పేస్తుంది. బెంగాలీల ఊళ్లో రైల్వే యార్డు వెనకున్న మన తెలుగోళ్ల నిమ్‌పురా బస్తీలో ఆమె నోటి మాటే సర్క్యులర్.

ముప్పు అక్కడే వచ్చింది. ఓటర్ల లిస్టు కొత్తగా రాస్తున్నారని ఆ పని నెత్తినపడ్డ బడి టీచరు సుచరిత ఇంటింటికీ ఫారాలు పంచింది. నింపి ఇవ్వకపోతే పేరు ఉండదంది. చిలకమ్మ నవ్వేసింది. బతికే ఉన్నానని నవంబరులో బ్యాంకుకెళ్లి పెన్షను కోసం వేలిముద్ర వేసొచ్చింది కదా, ఒక్క సర్కారుకి ఎన్నిసార్లు బతికున్నానని చెప్పాలి? ఆ మాటే వీధిలోని మరో తొమ్మిదిమంది పెన్షను ఆడవాళ్లకీ చెప్పింది. పది ఫారాలూ పది ఇళ్లలో పప్పు డబ్బాల కింద పడుకున్నాయి.

తీరా బడి గోడకు లిస్టు అంటిస్తే, పదిమందిలో ఒక్కరి పేరూ లేదు. బ్యాంకు సంగతి బ్యాంకుదే, ఓటు సంగతి ఓటుదే అని టీచరు నెమ్మదిగా చెప్పింది. పేరు మళ్లీ రాయించుకోవడానికి రైలు గేటుకి అవతల ఖరిదా పేటలో క్యాంపు ఉందట. అదీ ఆ సాయంత్రం ఐదింటితో సరి.

చిలకమ్మ లెక్క వేసుకుంది. తన ఓటు పోతే తన ఖర్మ. తనను నమ్మిన తొమ్మిదిమంది మాటేమిటి?

పక్కింటి రాధారాణి ఊరుకుంటుందా. “పోతే పోనీ ఒదినా. మన పది ఓట్లకి రాజులు మారిపోతారేటి?”

“రాజులు మారకపోతే మానె. వానొస్తే నీ మంచం కిందకొచ్చే నీల్ల గురించి ఎవుడ్ని అడుగుతావు? ఓటున్న గుమ్మమే లీడర్లకి కనిపిస్తాది. పేరు లేనోల్ల ఈది ఉందని కూడా ఆల్లకి తెలీదు. నెగు, పోదాం పద. సీర మార్సుకోనక్కర్లేదు.”

మూడింటికి పదిమందీ పెన్షను పుస్తకాలు సంచుల్లో వేసుకుని బయల్దేరారు. రైలు గేటు దగ్గర బొగ్గు గూడ్సు అడ్డంగా ఆగి ఉంది. రెండొందల వ్యాగన్లని చూసినవాళ్లు అన్నారు. అబద్ధమెందుకు, నూట తొంభై తొమ్మిదే. రాధారాణి వంగి కిందనుంచి దూరబోతే చిలకమ్మ కొంగు పట్టి లాగింది. బండి కింద దూరినవాళ్లు పెన్షను దాకా రారని ఆమె మొగుడు ఎప్పుడూ అనేవాడు. బండికి తోకంటూ ఉంటుంది కదా, అక్కడిదాకా నడుద్దామంది. నడిచారు. కొత్త చెప్పులు తోక దగ్గరికొచ్చేసరికి అప్పడమంత పలచనయ్యాయి. అటు తిరిగి మళ్లీ అంత దూరమూ నడిచారు. దారిలో ఇద్దరు కూలబడితే, చిలకమ్మ చెరో చేత్తో లేపి ఇంజనులా లాక్కుపోయింది.

క్యాంపులో బెంగాలీ బాబు అప్పటికే కాగితాలు కట్ట కడుతున్నాడు. గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలుంది. చిలకమ్మను చూసి ముల్లు కూడా జంకిందంటారు.

“టైమ్ శేష్, మాసీమా” అన్నాడు బాబు, టైమైపోయింది పిన్నీ అన్నట్టు చెయ్యూపుతూ.

“ఇంకా పది నిమిసాలుంది బాబూ. తప్పు నాది. ఫారం అక్కర్లేదని ఈల్లకి నానే సెప్పినాను. ముందు ఈల్ల తొమ్మిదీ రాయి. టైముంటే నాది రాయి. నేకపోతే నాను ఓటు లేకండానే ఉంటాను.”

బాబు కట్టిన తాడు విప్పాడు. వయసుకు రుజువు అడిగితే పెన్షను పుస్తకాలు టపటపా బల్లమీద పడ్డాయి. తొమ్మిదో రసీదు చింపేసరికి ఐదు కొట్టింది. చిలకమ్మ మాట ప్రకారం సంచి సర్దుకుని లేచింది. ఐదులోపు లోపలికొచ్చినవాళ్లది రాయకుండా తాను కుర్చీ దిగకూడదని గొణుగుతూ, బాబు పదో ఫారం ముందుకు లాక్కున్నాడు.

పోలింగు రోజు క్యూలో మొదటి పదిమందీ వాళ్లే. లోపల ఒక్కో పేరూ పైకి చదివారు, పార్టీల ఏజెంట్లు తమ లిస్టుల్లో గీత కొట్టుకున్నారు. వేలికి సిరా పడింది, మీట నొక్కితే కూత వచ్చింది. ఎవరికి వేశావని రాధారాణి ఎంత గుచ్చి అడిగినా చిలకమ్మ నోరు విప్పలేదు.

స్టేషను కూలీ ఎర్రయ్య బడి గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. చాలాసేపు ఆలోచించి దిగులుగా అన్నాడు: “ఇంతమంది ఓట్లూ అందులోనే ఏసేస్తే ఆ డబ్బా ఎంత బరువెక్కిపోనాదో. నలబై కేజీలు దాటితే నానొక్కడినే ఎత్తలేను, ముందే సెప్పేస్తన్నాను.”