గెడ్డకి దిగువన మనుషులున్నారు

ఆ వేసవిలో దువ్వాడ అవతల కొత్తగా వెలిసిన కాలనీలో నూతులన్నీ ఎండిపోయాయి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. పనుల కోసం గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ అద్దెకుండేవి. కొండ మీంచి దిగే చిన్న వాగొకటి కాలనీ పక్కగా పారుతుంది. అక్కడివాళ్లు దాన్ని గెడ్డ అంటారు. నూతులు ఎండాక ఆడవాళ్లు ఆ గెడ్డలో ఇసక తోడి, చెలమల్లో ఊరిన నీళ్లు బిందెలకెత్తుకునేవారు. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉండేవి.

మే నెల వచ్చేసరికి కాలనీ పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడ అద్దెకుంటున్న కనకరత్నం చిన్నకూతుర్ని ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించాల్సి వచ్చింది. పిల్ల ఇంటికొచ్చిన మర్నాడు కాలనీకి పాలు పోసే వరహాలమ్మ ఎప్పట్లాగే పాలు పట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లింది. కనకరత్నం గిన్నె తీసుకురాలేదు. పాలల్లో గెడ్డ నీళ్లు కలుపుతున్నారని అందరూ అనుకుంటున్నారనీ, ఇక తమకి వద్దనీ నెమ్మదిగానే చెప్పింది. సాయంత్రానికి తక్కిన ఇళ్లవాళ్లూ అదే మాట అన్నారు.

పాలల్లో చుక్క నీళ్లు కలిపి ఎరగదు వరహాలమ్మ. భూములు ఫ్యాక్టరీకి పోయాక ఆమె ఊరంతా కొండ వారకి వచ్చి పాకలు వేసుకుంది. భర్త అప్పటికే పోయాడు. మిగిలిన నాలుగు గేదెలతో ఇద్దరాడపిల్లల్ని పెంచుకొస్తోంది. ఇంకొకరైతే కాలనీ వీధిలో నిలబడి దుమ్మెత్తిపోసేవారు. ఆమె తిన్నగా ప్రభుత్వ నర్సు దీవెనమ్మ దగ్గరికి వెళ్లింది.

"నా పాలే కారనమైతే ఆ మాట నువ్వే సెప్పు నర్సమ్మా. మానేత్తాను," అంది.

పాలు అందరూ కాచుకుంటారు, నీళ్లే ఎవరూ కాచుకోరు, ఆ నీళ్లు ఎలా వస్తున్నాయో ముందు చూద్దామంది దీవెనమ్మ. ఇద్దరూ చెలమల దగ్గర మొదలుపెట్టి గెడ్డ వెంబడి ఎగువకి నడిచారు.

మలుపు తిరిగేసరికి ఊరి మంద కనబడింది. మిట్టమధ్యాహ్నం. గేదెలన్నీ అక్కడి మడుగులో మెడలోతు నీళ్లలో పడుకుని ఉన్నాయి. గట్లు గిట్టల కింద నలిగి, గడ్డిపరక లేకుండా బురదగా జారిపోతున్నాయి. పేడ కరిగి పచ్చటి చారల్లా నీటి వాలునే పోతోంది. వరహాలమ్మ రోజూ చూసే చోటే అది. దిగువ నుంచి నడిచొచ్చి చూడడం మాత్రం అదే మొదలు. ఆమె గేదె గౌరి ఆమెని చూసి చెవులాడించింది.

ఇసక అన్నిటినీ వడగట్టలేదనీ, ఈ మురికే చెలమల్లోకి దిగుతోందనీ దీవెనమ్మ చెప్పింది. పాల తప్పేమీ లేదని కాలనీలో తానే చెబుతానంది.

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వలగ సెప్తే నా పరువు నిలుత్తాది. ఆ పిల్ల కడుపులోకెల్లింది మా గొడ్ల పేడే కదేటి? ముందు దీని సంగతి సూడనీ."

తప్పు తమది కాదని చెప్పించుకోడానికి వచ్చేవాళ్లనే దీవెనమ్మ అంతవరకూ చూసింది. ఆ రోజు నుంచి వరహాలమ్మ అంటే ఆమెకి ఒక గౌరవం. పాల మాట అప్పటికి పక్కన పెట్టి, నీళ్లు కాచుకునే తాగమని మాత్రం ఆ సాయంత్రమే కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పింది.

మందలో సగం గేదెలు తాతబాబువి. వరహాలమ్మ భర్తకి అన్న ఆయన. ఊళ్లో ఆయన మాటకి ఎదురు లేదు. వరహాలమ్మ ఊరివాళ్ల ముందు సంగతి చెప్పగానే ఆయన కాదన్నాడు. గేదె నీటి జంతువనీ, ఈ ఎండల్లో నీళ్లలో పడుకోకపోతే వడదెబ్బ తగిలి పాలు ఎగ్గొడుతుందనీ అన్నాడు. అది అబద్ధం కాదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "బూములిచ్చాం, ఇల్లిచ్చాం. ఇప్పుడీ గెడ్డ కూడా వొదిలెయ్యాలేటి?" అన్నాడు.

అక్కడున్నవాళ్లంతా తలలు దించుకున్నారు. "వొదిలీమన్నేదు బావా," అంది వరహాలమ్మ. "గొడ్లని పక్కకి తోలుదామంతన్నాను. గెడ్డ మనదైతే దాన్ని సూసుకోవలసింది మనవే గదా."

ఎవరూ కదల్లేదు. మర్నాడు ఆమె తన గేదెల్ని జీడితోటలో నీడకి కట్టేసింది. ఎండెక్కేసరికి అవి పలుపులు తెంపుకోవాలని చూశాయి. తల్లీకూతుళ్లు గెడ్డలోంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చి వాటి వీపుల మీద పోశారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ తెచ్చారు. రోజూ అదే పని. గేదెలకి తలంట్లు పోస్తోందని ఊళ్లో నవ్వుకున్నారు. పాలు తగ్గాయి. ఆమె మానలేదు.

ఒక మధ్యాహ్నం గౌరి పలుపు తెంపుకుని గెడ్డలోకి పరిగెత్తింది. వరహాలమ్మ వెనకాలే దిగి, మెడ పట్టుకుని బతిమాలింది. బరువైన గేదె, ఒక్క అంగుళం కదల్లేదు. కర్రెత్తడానికి ఆమెకి మనసొప్పలేదు. గట్టు మీంచి తాతబాబు అంతా చూస్తున్నాడు. గౌరి ఆయన పశువుల సాలలో పుట్టిన పెయ్యే. ఆయన నాలుకతో టక్కుమని చప్పుడు చేసి పిలిచాడు. గేదె లేచి ఆయన వెంట నడిచింది.

ఆయనే దాన్ని తోట దాకా తీసుకొచ్చాడు. పలుపు ముడేస్తూ మరదలి భుజం చూశాడు. కుండల ఒరిపిడికి చర్మం ఊడి ఎర్రగా ఉంది.

"ఎన్నాల్లు మోత్తావు?"

"వానలు పడీవరకు."

తెల్లారేసరికి తాతబాబు గునపం, పార పట్టుకుని తోట వెనక పల్లంలో ఉన్నాడు. అక్కడ అడుగున బంకమన్ను, వాననీరు నెలల తరబడి ఇంకదని ఆయనకి తెలుసు. పెద్దాయన ఒంటరిగా తవ్వుతుంటే చూస్తూ ఊరుకోలేక మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పెద్ద గుంట తయారైంది. గెడ్డలోంచి దానికి సన్నటి కాలవ తీశారు. నీళ్లు గుంటలోకి వెళ్తాయి గాని తిరిగి గెడ్డలోకి రావు. గేదెలు మొదట వాసన చూశాయి, తర్వాత ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. తాతబాబు గట్టున కూచుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

గెడ్డ గట్లకి తుమ్మకంప కట్టి, వెనక మొగలి పిలకలు పాతారు. మంద దాటడానికి ఒక్కచోట మాత్రం రాళ్లు పరిచి రేవు కట్టారు. జూలైలో కొండ మీద కుంభవృష్టి కురిసి కంపా, పిలకలూ అన్నీ కొట్టుకుపోయాయి. ఇక దీని పని అయిపోయిందనుకున్నారందరూ. వరద తీయగానే వరహాలమ్మ బురదలో కూర్చుని మళ్లీ పాతడం మొదలెట్టింది. ఈసారి తాతబాబు సలహా మీద ముందు రెల్లుదుబ్బులు నాటారు. మట్టి నిలిచాకే మొగలి వేశారు.

మరుసటి వేసవికి గట్లు పచ్చబడ్డాయి. చెలమల దగ్గర వాసన పోయింది. కాలనీలో ఒకరిద్దరు పిల్లలకి తప్ప జబ్బు రాలేదు. అందులో నీళ్లు కాచుకోవడం వల్ల ఎంతో, గెడ్డ బాగుపడడం వల్ల ఎంతో తాను చెప్పలేనంది దీవెనమ్మ. కాని వరహాలమ్మ పాలని అన్న మాట తప్పని మాత్రం వీధి వీధికీ చెప్పింది. కనకరత్నం కూతుర్ని వెంటబెట్టుకుని స్వయంగా జీడితోటకి వచ్చింది.

"తెలీక అనేశానండీ. మనసులో పెట్టుకోకండి," అంది.

వరహాలమ్మ పిల్లని దగ్గరికి తీసుకుని, గుంటలో ఈదుతున్న గౌరిని చూపించింది.

అంతటితో ఆమె ఊరుకోలేదు. గెడ్డ పుట్టే చోట, కొండ మొదట్లో మరో పల్లె ఉంది. వాళ్ల ఆవులూ మేకలూ ఊటలోకే దిగుతాయి. అక్కడివాళ్లు వినరని తాతబాబు అన్నాడు. అయినా పిలకలున్న గంప తనే ఎత్తుకుని మరదలి వెనక నడిచాడు.

ఆ పల్లెలో వాళ్లని ఎవరూ కూర్చోమనలేదు. తమ పైన ఏ ఊరూ లేదు, తమ నీళ్లు తమకి బాగానే ఉన్నాయి అన్నారు.

"మీ పైన ఎవులూ నేరు, నిజమే," అంది వరహాలమ్మ. "మీ కింద మేవున్నాం. మా కింద ఆ కాలనీవోల్లున్నారు. ఒక్కసారొచ్చి మా గుంట సూసెల్లండి. ఆపైన మీ ఇస్టం."

వరహాలమ్మా తాతబాబూ వెనక్కి తిరిగాక, మేకల్ని తోలుతున్న ముసలామె ఒకతె కర్ర చంకన పెట్టుకుని వాళ్ల వెంట కిందికి దిగింది.