పిత్తుల దొర

నేను ఒక జిరాక్స్ మిషన్ని. ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, రెక్కలూడిన ఫ్యాన్ల మధ్య, పగిలిన అద్దంతో పడి ఉన్నాను. ఎక్కడో విదేశంలో పుట్టి, ఒక వకీలు ఆఫీసులో అరిగి, చివరికి హనుమకొండలో యాకయ్య కొట్టుకు చేరాను. కుల ధ్రువపత్రాలు, భూముల పహాణీలు, మార్కుల మెమోలు తీయడం నా పని. మనుషులు అసలు కాగితాన్ని బీరువాలో దాచి, నకలు పట్టుకొని లోకమంతా తిరుగుతారు!

ఒక మధ్యాహ్నం రవళి అనే అమ్మాయి తను గీసిన బొమ్మల కథను నా అద్దం మీద బోర్లించింది. వెలుగు దాని మీద పాకగానే నా రోలర్లు బిగుసుకుపోయాయి. పేరు 'పిత్తుల దొర'. ఖాకీ బట్టలు, చెక్క తుపాకీతో లేని గొప్పలు చెప్పే పిట్టలదొర వేషంలో ఒక నాయకుడు. వేదికెక్కి జనానికి వీపు తిప్పాడు. వాగ్దానాలన్నీ వెనక నుంచే వెలువడుతున్నాయి! 'ఇంటికో కొలువు' ఢాం. 'చెరువుకో పడవ' తుస్సు. ముందు వరుస కార్యకర్తలు ముక్కులకు బట్టల క్లిప్పులు పెట్టుకొని చప్పట్లు కొడుతున్నారు.

ఛీ! మార్కుల మెమోలు తీసిన ఒళ్లు నాది. అయినా కాపీలు తీశాను. బస్టాండులో అవి పల్లీల్లా అమ్ముడుపోయాయి.

వారం తిరగకముందే స్థానిక నాయకుడి అనుచరుడు దేవేందర్ నలుగురిని వెంటేసుకొని కొట్లోకి దూసుకొచ్చాడు. రవళి అక్కడే ఉంది. తరువాతి సంచిక కాపీలు తీయించడానికి వచ్చింది.

"మా అన్నను గిట్ల గీసినోడెవడు? చెప్తవా, మిషన్ పలగ్గొట్టాల్నా?"

యాకయ్య గల్లాపెట్టె వెనక్కి జరిగాడు. దేవేందర్ కుర్చీ ఎత్తాడు. నా బతుకు ముగిసిందనుకున్నాను.

"మిషన్‌నేమనకు. గీసింది నేను" అంది రవళి.

కుర్చీ గాలిలోనే ఆగింది. "నువ్వా? ఆడపిల్లవు, గింత పచ్చిగనా?"

"సరే అన్నా, అండ్ల మొకమే లేదు గదా. మీ అన్న అని ఎట్ల గుర్తుపట్టినవ్?"

"మొకమెందుకే? మా అన్నది మాకెరుక లేదా!"

పింఛను కాగితం కాపీ కోసం వరుసలో నిలబడ్డ పోషవ్వ ముందుగా పకపకా నవ్వింది. "గంత దగ్గరికెల్లి చూసినవా బిడ్డా!" వరుసంతా విరగబడి నవ్వింది. వెంట వచ్చిన నలుగురిలో ఇద్దరు కూడా నవ్వేశారు.

దేవేందర్ మొహం కందిపోయింది. కుర్చీ విసిరేసి రవళి మీదికి చెయ్యెత్తాడు. పోషవ్వ అడ్డం పడి, "ఆడపిల్ల మీదికా!" అంటూ రెండు చేతులతో తోసింది. ఆయన వెనక్కి తూలి, మూత తెరిచి ఉన్న నా మీద చతికిలబడ్డాడు. అద్దం ఫెళ్లుమంది. పట్టు కోసం వెతికిన చెయ్యి పచ్చ బటన్ మీద పడింది.

నేనేం చేయగలను? బటన్ నొక్కితే కాపీ తీయడమే నాకు తెలుసు. వెలుగు పాకింది. కాగితం జారింది.

రవళి దాన్ని అందుకొని కళ్లు పెద్దవి చేసింది. రెండు నల్లటి గుండ్రాలు, మధ్యలో ఫెళ్లుమన్న పగులు.

"దేవేందరన్నా, గిది ఎవరిదో గుర్తుపడ్తవా?"

ఆయన చూశాడు. వరుసంతా ఆయన జవాబు కోసం చెవులు రిక్కించింది. ప్యాంటు వెనక దులుపుకొంటూ మెట్లు దిగాడు.

"నాకేమెరుక?" అన్నాడు.