దస్తూరి

"సప్పగుందే. ఇంకో రెండు తగిలించు," అన్నాడు గురునాథరావు. చారు గురించి కాదు, కంచం పక్కన పెట్టుకున్న ఇంగ్లీషు నోటీసు చిత్తు గురించి.

గౌరీశ్వరి మెత్తళ్ళ చేపలు బూడిదతో తోముతోంది. చేతికంటిన బూడిద కొంగుకు తుడుచుకుని పెన్సిలు అందుకుంది. విషయం ఒక్క వాక్యంలో అయిపోయింది. ఒక లేబరు మూడు రోజులు లేటు, అడిగితే జవాబు లేదు. ఆ లేబరు ఎవరో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. 'లేటు'కు ముందు 'హేబిట్యువల్లీ' చేర్చింది. ఆ పక్కనే 'విల్‌ఫుల్లీ'. 'సైలెంట్' కొట్టేసి 'ఇన్‌సొలెంట్' అని రాసింది.

"అద్దీ! ఇప్పుడు దెబ్బ తగిలినట్టుంది," అన్నాడతను వేళ్ళు నాక్కుంటూ.

పెళ్ళై పదకొండేళ్ళు. ఎనిమిదో క్లాసులో బడి మానేసి రేవులో కలాసీగా చేరినవాడు, ఓడల్లోంచి గోధుమలు దించే కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు దాకా వచ్చాడంటే, ఆ మెట్లన్నీ ఈ వంటింట్లోనే కట్టారు. పి.యు.సి. దాకా చదివిన గౌరీశ్వరి రాస్తుంది, అతను కాపీ చేస్తాడు. ఆమె చిత్తుకాగితం మర్నాడు పొయ్యి రాజేయడానికి పోతుంది. ఆమె అక్షరాలు చూసే అతను ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకున్నాడు, ఆ జి కింద తోకతో సహా. ఆఫీసులో 'గురునాథరావు డ్రాఫ్టు' అంటే పేరు. ఆ పేరు విని ఇంటికొచ్చిన స్నేహితులతో, "మా ఇంటిదానికి ఇంగ్లీషేటి బావా! సింహాచలం బస్సు నెంబరు సదివితే అదే పదేలు," అన్నాడు ఒకసారి. అందరూ నవ్వారు. టీ గ్లాసులు అందిస్తూ తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలతాయి. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది, అది ఎవరికీ తెలీదు. పెన్సిలు పట్టుకున్న ఆ పావుగంటా ఆమెకు సుఖంగా ఉంటుంది. బడిలో మేష్టరైన నాన్న ఖాళీలు పూరించమంటే తగిన మాట తట్టినప్పటి సుఖం. ఆ మాట ఎవరి మీద పడుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, కాశమ్మ వచ్చింది. మల్కాపురం మనిషి. గురునాథరావు కింద గోడౌన్లో ఒలికిన గోధుమలు ఊడుస్తుంది, దారిలో మంచినీళ్ళకి ఆగుతుంది. ఆరోజు నీళ్ళడగలేదు. కొంగుముడి విప్పి కాగితం తీసింది.

"అమ్మా, ఇదేటో సదివి సెప్పండి. ఏలిముద్ర ఏయించుకుని సేతిలో ఎట్టీసినారు. మూడు దినాల్లో జవాబియ్యకపోతే పనిలోకి రావద్దంట."

గౌరీశ్వరి మడత విప్పుతుండగానే ఆ రాత పోల్చుకుంది. జి కింద తోక.

"మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళావట."

"ఎల్లాను. నిజవే. అంతేనా? అంత మాటకి ఇంత కాయితవా?"

అబద్ధం చెప్పొచ్చు. అంతేనని మడిచి ఇచ్చెయ్యొచ్చు. కానీ కాశమ్మ చూపుడువేలు వరసల వెంట నడుస్తోంది, ఏ మాట ఎక్కడుందో చూపించమన్నట్టు.

"అలవాటుగా... అని ఉంది."

"అలవాటా? తొమ్మిదేళ్ళలో ఆ మూడు దినాలేనమ్మా!"

"కావాలని... పొగరుగా..."

రాసినప్పుడు ఒక్కో మాటకు రెండు క్షణాలు పట్టలేదు. తెలుగులో చెబుతుంటే నాలుక తిరగడం లేదు.

"పొగరా? నాను తల దించుకుని నిలబడ్డానమ్మా! ఆ మూడు దినాలూ ఈది కొళాయి ఆలీసెంగా ఆరింటికొచ్చింది. నీళ్ళట్టకుండా ఎల్తే సంటిదానికి గంజేటెట్టి కాసేది? అది సెప్పబోతే సూపర్‌వైజరు బాబు 'నోర్ముయ్' అన్నాడు. మూసీసాను." కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇన్నేసి మాటలు ఆ బాబుకి రావమ్మా. తిట్టడవే వొచ్చు. ఎవులు రాసీసినారు?"

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. గౌరీశ్వరి లేవలేదు.

"నేనే రాశాను కాశమ్మా. నీ గురించని తెలీదు. తెలుసుకోలేదు."

కాశమ్మ ఆమె చేతుల్నే చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే జవాబూ నువ్వే రాయి," అంది. 'అండి' పోయింది.

గౌరీశ్వరి అన్నం దించి, కాశమ్మ మాటగా జవాబు రాయడానికి కూర్చుంది. ఆ మూడు రోజులూ కొళాయి ఆరింటికి వచ్చింది. నీళ్ళు పట్టి పనికి వెళ్ళాను. అడిగినప్పుడు తల దించుకుని నిలబడ్డాను. ఇంగ్లీషులో మూడే వాక్యాలు. 'పాపం' అనిపించే మాట ఒకటి కలం చివరికొస్తే రానివ్వలేదు. అక్షరాలు కాస్త పక్కకు వంచి రాస్తే ఎవరూ పోల్చుకోలేరు. వంచకపోతే రెండు కాగితాలూ ఒకే రాతతో మేనేజరు బల్లమీద పక్కపక్కన ఉంటాయి మరి. అదీ ఆలోచించింది. వంచలేదు.

కాశమ్మ బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించింది.

"బాబు సూత్తే నీకు మాటొత్తాదేమో."

"వస్తుంది."

వేలిముద్ర వేసినవాళ్ళ కాగితం కింద రాసినవాళ్ళ పేరుండాలని నాన్న చెప్పేవాడు. పదకొండేళ్ళలో ఆమె రాసిన ఏ కాగితం కిందా లేనిది అదే. 'దస్తూరి' అని రాసి, పక్కన నిండుగా 'గౌరీశ్వరి' అని పెట్టింది.

"ఆరనీ. అప్పుడే మడవకు," అంది.