ఎనిమిదో రాయి

రాజశేఖర్‌కు కూడు పెట్టేది ఉలి. కడపలో తిరుమలయ్య రాళ్ల అంగడిలో పదేళ్లుగా శిలాఫలకాలు చెక్కుతున్నాడు. కుళాయికి, కాలువకు, చెరువుకు, దేనికి శంకుస్థాపన జరిగినా మంత్రిగారి పేరూ తేదీ చెక్కేది అతనే. నీళ్లు వచ్చాయా అంటే, రాళ్లు మాత్రం టంచనుగా వచ్చాయి. ఆ కడుపుమంటే 2008 ఎండాకాలంలో ర్యాప్ పాటయింది.

ర్యాప్ అంటే ఏమిటని నిలదీస్తే అతనూ నీళ్లు నమిలేవాడే. ఉలి దెబ్బల చప్పుడు సెల్‌ఫోన్‌లో పట్టి, స్నేహితుడి కంప్యూటర్‌లో దాన్నే తాళంగా పెట్టుకున్నాడు. చెక్కిన రాళ్లను ఊరి పేరుతో, తేదీతో వరసగా చెప్పి, ఒక్కోదాని వెనక ఒకే మాట అడిగాడు:

“రాయి నాది, ఉలి నాది, పేరు నీది, తేది నీది. నీళ్లు యాడప్పా, నీళ్లు యాడ?”

పాటకు తన పేరు తగిలించేంత వెర్రివాడు కాడు. బ్లూటూత్‌లో ఫోను నుంచి ఫోనుకు పాకి, నెల తిరక్కముందే అది కర్నూలు దాటింది. ఆటోల్లో వినబడినప్పుడల్లా లోలోపల మురిసిపోయాడు. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

మంత్రి తరఫున రాళ్లు పురమాయించే శ్రీనివాసులు ఒకరోజు అంగడికొచ్చాడు. ఆలూరు దగ్గర ఓ పల్లెలో మంచినీళ్ల పథకానికి వేయాల్సిన రాయి మీద గోనెపట్టా ఎత్తి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి పాటను చివరిదాకా వినిపించాడు. పాటలో ఏడు రాళ్లు జనమంతా చూసినవే. ఎనిమిదోది మాత్రం ఇదే. దాని మీది తేదీ ఇంకా రానేలేదు, రాయి అంగడి దాటలేదు. అక్షరం చెక్కితే పని అయిపోయినట్టేనన్న చేతి అలవాటు కొద్దీ రాజశేఖర్ దాన్నీ పాటలో కలిపేశాడు.

“ఈ రాయిని చూసింది మనం ముగ్గురమే. నేను పాడలా. తిరుమలయ్యకు దగ్గు తప్ప రాగం రాదు,” అన్నాడు శ్రీనివాసులు నవ్వకుండా.

కొడతాడనుకున్నాడు రాజశేఖర్. కొట్టినా బాగుండేది. పాట కట్టింది రాళ్లు చెక్కేవాడేనని అప్పటికే గుసగుసలు పుట్టాయట. అందుకని శంకుస్థాపన రోజున మైకు ముందు నిలబడి, ఆ పాట తనది కాదని, అందులోదంతా అబద్ధమని చెప్పాలట. లేదంటే ఈ అంగడి రాయి ఇక ఏ ఊళ్లోనూ దిగదట.

చెయ్యి పట్టి అక్షరం చెక్కడం నేర్పిన మనిషి తిరుమలయ్య. శ్రీనివాసులు వెళ్లాక ఆయన తిట్టలేదు, బతిమాలలేదు. లేని దుమ్మును రాయి మీద చాలాసేపు తుడిచి, “ఈ వయసులో నాకు ఇంకో పని రాదప్పా,” అన్నాడు. ఆ మాటతో రాజశేఖర్ మైకు ముందు నిలబడడానికి ఒప్పుకున్నాడు.

అనుకున్న రోజున పల్లెలో తెర లాగారు, చప్పట్లు కొట్టారు. మైకు చేతికొచ్చింది. ఎదురుగా, ట్యాంకరు కోసం బిందెలతో వచ్చి నిలబడిపోయిన ఆడవాళ్లు. రాజశేఖర్ చెప్పమన్నది చెప్పాడు. కన్నబిడ్డను నా బిడ్డ కాదన్నట్టయింది. ట్యాంకరు మాత్రం రాలేదు.

కార్లు వెళ్లాక రాయి కింద సిమెంటు సరిచేస్తుంటే, గిడ్డమ్మ అనే ముసలామె బిందె దించి పక్కన కూర్చుంది. చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి చదవమంది. చదివాడు.

“ఎనిమిదోది ఇదేనా?”

తల ఎత్తకుండానే ఊఁ అన్నాడు.

“పాట నీది కాదంటివి గదా నాయనా. పోనీలే, మాదనుకుంటాం. మా ఊరి పేరు ఉండాది దాంట్లో.”

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని, నీళ్లు యాడప్పా అని సన్నగా పాడుకుంటూ వెళ్లిపోయింది. తనకు లేని ధైర్యం ఆ ముసలామెకు ఉంది. రాజశేఖర్ తాపీ కింద పడేసి, ఆ రాయి పక్కనే కూలబడి ఏడ్చాడు.