మొదటి దొప్ప

కోసి అవ్వ సారా కుండ రుచి చూడ్డానికి వస్తోందంటే, ఎర్రబోరులో ఆ వాడ ఆడవాళ్ళు ముందు ఆరబెట్టిన మిరపకాయలు లోపలికి ఎత్తుకుంటారు. తర్వాత కోళ్ళను గంప కింద మూస్తారు. ఆమె నోట్లో గుక్క ఉన్నంతసేపు, ఆ కుండలోని పువ్వో పండో కాసిన నాటి వాతావరణం ఆ వాకిట్లో దిగుతుంది మరి. కరువేటి ఇప్పసారా అయితే వడగాలి కొట్టి నాలుక పిడచగడుతుంది. మంచి ఏటిదైతే నాలుగు చినుకులు పడి మట్టి వాసన లేస్తుంది. ఆమె మింగగానే అంతా సర్దుకుంటుంది. తడిసిన బట్టలు మాత్రం ఎవరివి వాళ్ళు పిండుకోవాలి.

కోసికి డెబ్బై దాటాయి. వంకర సంతకం తప్ప అక్షరం రాదు. అయినా ఊళ్ళో ఏ కుండయినా మొదటి దొప్ప ఆమెదే. ఆమె సరే అంటేనే రెండో మనిషి తాగాలి. వద్దంటే పారబోయాలి. పారబోసిన మనిషి మళ్ళీ ఆ ఊళ్ళో కుండ పెట్టకూడదు. ఆమె అమ్మ నాటి నుంచీ అదే పద్ధతి.

ఆ వేళ నడినెత్తిన ఎండ. భీమే వాకిట్లో, పందిరి కింద మూడు కుండలున్నాయి. నిరుటి నేరేడు పండ్లతో పెట్టిన ఎర్ర వైను. భీమే కోసికి తమ్ముడి పెళ్ళాం. తమ్ముడు పొజ్జా లేడు. నిరుడు ఈ పండ్లు ఏరడానికి పోయే వాగులో కొట్టుకుపోయాడు.

మొగుడూ పెళ్ళాం కలిసే పోయారు. మొదటి గంపతో భీమే ఈ ఒడ్డుకొచ్చింది. పొజ్జా నడుమ ఇసుక దిబ్బ మీద, అటు తిరిగి రెండో గంప కట్టుకుంటున్నాడు. పై నుంచి నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఎన్నిసార్లో పిలిచాననీ, ఒక్కసారైనా తిరిగి చూడలేదనీ భీమే ఏడ్చింది. కోసి నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? భీమే గొంతు అలాంటిలాంటి గొంతా? ఇంటి ముందు నిలబడి పిలిస్తే వాగవతల మేసే ఎడ్లు తలెత్తి ఇంటికొచ్చేవి. అంత గొంతు కూతవేటులో ఉన్న మొగుడికి వినబడలేదంటే, పిలవలేదనే లెక్క. తన ప్రాణం చూసుకుంది, అంతే.

ఆ రోజు నుంచీ మరదలితో మాటల్లేవు. ఒకే ఒక్క మాట నాలుక మీద దాచుకుని ఏడాదిగా తిరుగుతోంది కోసి: పారబొయ్యి. ఆ మాట అంటే చాలు, భీమే బతుకుదెరువు లేక మూట సర్దుకుని పుట్టిల్లు మరైగూడకు పోవాల్సిందే. మూట కట్టే ఉంది కూడా. తలుపు సందులోంచి కనబడుతోంది.

కానీ తాగకుండా ఆ మాట అనడానికి లేదు. తాగితే ఆ వాన దిగుతుంది, తమ్ముణ్ణి మింగిన వాన. దాన్ని నోట్లో పెట్టుకోవాలి. పొద్దున్నించీ కోసికి అంబలి కూడా దిగలేదు.

తోంగ్‌పాల్‌లో హోటలు నడిపే రాంచందర్ వైను బేరం చూసుకోవడానికి వచ్చాడు. కోసి సంగతి తెలిసినవాడు కాబట్టి, అంత ఎండలోనూ రెయిన్‌కోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"అవ్వా, గాజు గ్లాసు తెచ్చిన. తిప్పాలె, వాసన చూడాలె, పుక్కిలించి ఊసెయ్యాలె. పెద్ద పెద్దోళ్ళు గట్లనే చేస్తరట."

"ఊసేదానికి నోరెందుకురా? గోడకు పోసి అడుగు, అదే చెప్తది."

అందరూ నవ్వారు. భీమే నవ్వలేదు. దొప్పలో వైను పోసి, తల ఎత్తకుండా ముందు పెట్టింది.

కోసి పెద్దల పేరు చెప్పి మూడు చుక్కలు నేల మీద వదిలింది. ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని ఎండకు పట్టింది. ఎరుపు ఉంది గానీ అంచున పలచన. పండు నీళ్ళు తాగింది. వాసన చూసింది. తడి బెరడు, ఒండ్రు. ఇంక ఆగితే భయపడిందంటారు. గుక్క తీసుకుంది.

ఎండ ఆరిపోయింది.

వాన చినుకులుగా రాలేదు, ఒక్కసారే కుమ్మరించింది. పిడుగు చప్పుడుకు దంతాలు అదిరాయి. కోసి నాలుక మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. మొదట ఏమీ లేదు, చప్పటి నీళ్ళు. పారబోయదగ్గదే. మింగేస్తే వాన ఆగుతుంది, మాట అనేయొచ్చు. గొంతు మింగమంటోంది. కానీ నడిమి రుచి, చివరి రుచి తెలియకుండా తీర్పు చెప్పేదాన్ని అమ్మ మనిషిగానే చూసేది కాదు. కోసి పెదాలు బిగించింది. నీళ్ళు చీలమండలు దాటాయి, మోకాళ్ళకొచ్చాయి. ఎర్రటి నీళ్ళు. ఇట్లాగే వచ్చి ఉంటాయి తమ్ముడి మీదికి. ఆమె గుండె చేపలా కొట్టుకుంది.

అప్పుడు భీమే కనబడింది. ఎంతో దూరం లేదు, అయిదారు అడుగులు. నోరు బార్లా తెరిచి ఉంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఆ పెదాల ఆకారం కోసికి తెలుసు. వదినా, అంటోంది. మళ్ళీ, మళ్ళీ అంటోంది.

ఒక్క ముక్క వినబడలేదు.

కోసి చెవులు రిక్కించింది. వాన, అంతే. ఎడ్లను వాగు దాటించే గొంతు, అయిదడుగులు దాటి రాలేకపోతోంది.

భీమే అరవడం మానేసి నీళ్ళలోకి దూకింది. ఆనాడు నడుమ వాగుంది. ఈనాడు లేదు. వదిన రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కోసి నిలబడ్డ చోట పందిరి గుంజ విరిగి, కప్పంతా కూలింది.

అంత భయంలోనూ కోసి నోరు తెరవలేదు. మరదలి భుజానికి ఆనుకుని గుక్కను నాలుక కిందికి, పైకి తిప్పింది. అప్పుడొచ్చింది వగరు. తొక్క వగరు, గింజ చేదు, వాటి వెనక ఎంతకీ పోని తీపి.

మింగింది.

ఎండ వచ్చింది. రాంచందర్ రెయిన్‌కోటు జేబులోంచి నీళ్ళు వంచుకుంటూ, "బాప్‌రే! ఏందవ్వా, మంచిదా కాదా?" అన్నాడు.

కోసి కొంగుతో మూతి తుడుచుకుంది. "నీళ్ళ ఏడాది. మొదట పలచన. నడుమ ఏం లేదు. చివర వగరున్నది, అదే నిలబెడ్తది. ఇప్పుడే తీస్కపోతే దీని మర్యాద పోతది. రెండేండ్లు కాయాలె." మరదలి వైపు తిరిగింది. "నువ్వే కాయాలె. ఆ మూట ఇప్పు."

దొప్పలో మిగిలిన సగం భీమే చేతిలో పెట్టింది.

"ఒక్కపాలి పిలువు," అంది కోసి.

"ఏమని వదినా?"

"ఆనాడు పిలిచినట్టు."

ఏడాదిగా ఎడ్లను కూడా పిలవని గొంతు అది. భీమే వాగు వైపు తిరిగి, ఊపిరి నిండా తీసుకుని, "పొజ్జా!" అని పిలిచింది. అవతలి ఒడ్డున ఎడ్లు తలలెత్తాయి.

"ఇనబడ్డది," అంది కోసి.